గురి రక్తంలో పుట్టదు

ఎన్.సి.సి. శిబిరంలో మన కుర్రాడు రైఫిల్ పట్టుకుని అయిదు తూటాలు ఒకేచోట వేశాడనుకోండి. లేదా విలువిద్య పోటీలో మన అమ్మాయి పతకం గెలిచిందనుకోండి. అక్కడున్న పెద్దమనుషుల్లో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "మీవాళ్లకి గురి రక్తంలోనే ఉంటుందయ్యా!" ఆ మాట మెచ్చుకోలుగానే అంటారు, అందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. మనమూ మురిసిపోతాం. ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పుకుంటాం. ఎన్నో తరాలుగా తిట్లే విన్న చెవులకు ఒక్క మెచ్చుకోలు దొరికితే ఎవరు వద్దంటారు?

అయినా ఆ మాటను ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలని మాకు అనిపించింది. మేమంటే పొన్నూరు, బాపట్ల, చీరాల చుట్టుపక్కల ఊళ్లలో బతికే ఎరుకల, యానాది, సుగాలి ఇళ్ల నుంచి వచ్చి, నాలుగక్షరాలు నేర్చుకున్నవాళ్లం. మాలో కొందరం పాఠాలు చెబుతున్నాం, కొందరం ఇంకా చదువుకుంటున్నాం. మా ప్రశ్న ఇదీ: "గురి మీ రక్తంలోనే ఉంది" అన్న మెచ్చుకోలును మనం తీసుకోవచ్చా? తీసుకుంటే దానితోపాటు ఇంకేం తీసుకున్నట్టు అవుతుంది?

జవాబు వెతకాలంటే ముందు గురి అంటే ఏమిటో చూడాలి. దగ్గరి గురి వేరు, దూరపు గురి వేరు.

దగ్గరి గురి మనకు తెలిసిందే. చెట్టు మీది కాయను ఉండేలుతో కొట్టడం, చేను మీద వాలిన పిట్టలను మంచె మీంచి వడిసెలతో తోలడం, కోత అయిన వరిమడిలో కలుగు దగ్గర కాచుకుని ఎలుక బయటపడగానే కర్ర వేయడం, ఇవన్నీ చూస్తూ చూస్తూ చేతికి వచ్చే పనులు. రాయి నాలుగు వేళ్లు పక్కకు పోయినా కాయ రాలుతుంది. ఇంత దగ్గర్లో చెయ్యి తన తప్పును తానే దిద్దుకుంటుంది. ఎలా కొట్టావని అడిగితే "ఏమో, కొట్టాను" అంటాం. అందుకే చూసేవాళ్లకు అది పుట్టుకతో వచ్చినట్టు కనిపిస్తుంది.

దూరం పెరిగితే కథ మారిపోతుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక రైఫిల్ మీద ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య అర మీటరు దూరం ఉందనుకుందాం. ముందు సైటు చూపులో ఒకే ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగింది. 25 మీటర్ల దూరంలో ఆ తప్పు 5 సెంటీమీటర్లు అవుతుంది. 50 మీటర్లలో 10, 100 మీటర్లలో 20 సెంటీమీటర్లు అవుతుంది. తప్పు మన దగ్గర పుట్టినప్పుడు గోరు మందం కూడా లేదు. అక్కడికి చేరేసరికి జానెడైంది. దూరం కొత్త తప్పులను పుట్టించదు. మనలో ఉన్న తప్పును పెంచి చూపిస్తుంది, అంతే.

ఇక తూటా తిన్నగా పోతుందని అనుకుంటాం, కానీ పోదు. గొట్టం దాటిన క్షణం నుంచీ అది కిందికి జారుతూనే ఉంటుంది. ఎన్.సి.సి.లో వాడే .22 రైఫిల్ తూటా సెకనుకు సుమారు 330 మీటర్లు పోతుందనుకుంటే, 50 మీటర్లు దాటడానికి 0.15 సెకను పడుతుంది. ఆలోగా అది సుమారు 11 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. దూరం రెండింతలై 100 మీటర్లయితే, గాలి అడ్డును పక్కన పెట్టినా, అది దిగేది రెండింతలు కాదు, నాలుగింతలు. అంటే 44 సెంటీమీటర్లు. దీనికి పక్కగాలి తోడైతే తూటా కుడికో ఎడమకో కొట్టుకుపోతుంది. ఒలింపిక్స్ పోటీలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు పెట్టే గురిపటంలో పది మార్కుల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు. 50 మీటర్ల రైఫిల్‌లో అది 10.4 మిల్లీమీటర్లు, మన చూపుడువేలి గోరంత. ఒలింపిక్స్ విలువిద్యలో లక్ష్యం 70 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ పది మార్కుల వలయం 12.2 సెంటీమీటర్లు.

అంత దూరాన గోరంత చోట గుండు వేయాలంటే ఏం చేయాలి? కాళ్లు ఎక్కడ పెట్టాలో, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో, రైఫిల్ మడమను భుజంలో ఎక్కడ ఇమిడ్చి పెట్టాలో నేర్చుకోవాలి. ప్రతిసారీ చెంప అదే చోట ఆనాలి. గాలి పీల్చి, కొంత వదిలి, ఆ ఆగిన క్షణంలోనే పేల్చాలి. ట్రిగ్గర్‌ను గుంజకూడదు. ఎప్పుడు పేలిందో మనకే తెలియనంత మెల్లగా నొక్కాలి. పేలిన తర్వాత కూడా కాసేపు అలాగే ఉండాలి, తల ఎత్తి చూసే ఆత్రం పనికిరాదు. ఆ రోజు గాలి ఎటు వీచింది, వెలుతురు ఎలా ఉంది, తూటాలు ఎక్కడ పడ్డాయి అన్నదంతా పుస్తకంలో రాసుకోవాలి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా కొన్ని వేల తూటాలు పేల్చాలి. ఇందులో తల్లి కడుపులోంచి వచ్చేది ఏమిటి? ఒకరి చూపు చురుకుగా ఉండొచ్చు, ఒకరి చెయ్యి నెమ్మదిగా ఉండొచ్చు. అవి ఆ మనిషివి. ఏ తెగకూ, ఏ కులానికీ కట్టగట్టి ఇచ్చినవి కావు.

కొరియా దేశాన్ని చూడండి. 1988 నుంచి 2024 వరకు జరిగిన పది ఒలింపిక్స్‌లోనూ మహిళల జట్టు విలువిద్యలో బంగారు పతకం ఆ దేశానిదే. వాళ్లు అడవిలో వేటాడి నేర్చుకున్నవాళ్లు కాదు. చిన్న బడుల నుంచే విల్లు చేతికిచ్చి, శిక్షకులను పెట్టి నేర్పిస్తారు. మన పక్కనే ఉన్న విజయవాడను చూడండి. అక్కడి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమె గెలుపు గురించి మాట్లాడేటప్పుడు చిన్నప్పటి నుంచీ చేసిన సాధన గురించి, తల్లిదండ్రుల పట్టుదల గురించి, శిక్షణ గురించి మాట్లాడతాం. అది న్యాయమైన మాట. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. అతని గురి రక్తంలో ఉందని మనం అనుకోం. కష్టపడ్డాడు అంటాం. మరి మన పిల్ల గెలిస్తే కష్టం మాట పక్కకుపోయి రక్తం మాట ముందుకెందుకు వస్తుంది?

ఈ రక్తం మాట మాకు కొత్త కాదు. దాని పుట్టుక మా తాతలకు బాగా తెలుసు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దాన్ని సమర్థించినవాళ్లు చెప్పిన తర్కం ఇదీ: ఈ దేశంలో వృత్తులు కులాన్ని బట్టి తరతరాలుగా వస్తాయి, నేసేవాడి కొడుకు నేస్తాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, అలాగే కొన్ని తెగలకు నేరమే వృత్తి. 1911లో ఆ చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికీ వర్తించేలా చేశారు. మన ఎరుకలవాళ్లను ఆ జాబితాలోకి ఎక్కించారు. పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. 1913లో బాపట్ల, చీరాలల మధ్య ఒక సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే పెద్ద అధికారి పేరు దానికి పెట్టారు. అదే స్టూవర్టుపురం. అక్కడివాళ్లు హాజరు చెప్పుకోవాలి. బయటికి వెళ్లాలంటే చీటీ ఉండాలి. ఏ తప్పూ చేయనివాడికీ, అప్పుడే పుట్టిన బిడ్డకూ అదే ముద్ర. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినా మాట పోలేదు. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చెయ్యి జేబు మీదికి వెళ్లడం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

ఇప్పుడు రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. "దొంగతనం మీ రక్తంలో ఉంది." "గురి మీ రక్తంలో ఉంది." ఒకటి తిట్టు, ఒకటి మెచ్చుకోలు. రెంటికీ పునాది ఒక్కటే. మనిషి ఏం చేశాడన్నది చూడకుండా, ఎవరికి పుట్టాడన్నది చూసి తీర్పు చెప్పడమే ఆ పునాది. తిట్టు విషయంలో ఆ పునాది తప్పని మనం వందేళ్లుగా చెబుతున్నాం. మెచ్చుకోలు విషయంలో అదే పునాది మీద పీట వేసుకుని కూర్చోగలమా? మంచి రక్తంలో వస్తుందని ఒప్పుకుంటే చెడూ రక్తంలో వస్తుందన్న వాదనకు తలుపు తెరిచినట్టే.

2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో రాగాల వెంకట రాహుల్ బరువులెత్తి బంగారు పతకం తెచ్చాడు. అతనిది స్టూవర్టుపురమే. ఆ బరువును రక్తం ఎత్తలేదు. ఏళ్ల తరబడి రోజూ ఇనుము ఎత్తిన చేతులు ఎత్తాయి. అతని గెలుపు మనకు ఇచ్చిన ధైర్యం కూడా అక్కడిదే. రక్తం వల్ల గెలిచి ఉంటే మిగతా పిల్లలు చేయగలిగింది ఏమీ ఉండదు. సాధన వల్ల గెలిచాడు కాబట్టి మరొకరూ గెలవొచ్చు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: "మరి ఏకలవ్యుడి మాటేమిటి? ఎరుకలవాళ్లం ఏకలవ్యుడి వారసులమని మనమే చెప్పుకుంటాం కదా? అది రక్తం మాట కాదా?" ఇది గట్టి ప్రశ్న. మేమూ ఇంట్లో ఏకలవ్యుడి పేరు వింటూ పెరిగినవాళ్లమే. అందుకే ఆ కథను మళ్లీ జాగ్రత్తగా చదివాం.

భారతంలో ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు. విద్య నేర్పమని ద్రోణుడి దగ్గరికి వెళ్లాడు. నిషాదుడన్న కారణంతో ద్రోణుడు వద్దన్నాడు. ఏకలవ్యుడు అడవికి వెళ్లి ద్రోణుడి మట్టిబొమ్మ చేసుకుని, దాని ముందు రోజూ సాధన చేశాడు. మొరుగుతున్న కుక్క నోట్లో, అది చావకుండా, ఏడు బాణాలు నింపి నోరు మూయించగలిగేంత నేర్పు సంపాదించాడు. అది చూసి అర్జునుడు దిగులుపడ్డాడు. ద్రోణుడు వచ్చి గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగాడు, ఏకలవ్యుడు కోసి ఇచ్చాడు. ఆ తర్వాత మిగిలిన వేళ్లతో బాణాలు వేశాడు గానీ మునుపటి వేగం రాలేదని కథ చెబుతుంది.

ఇందులో మనం సాధారణంగా చూడని విషయం ఒకటుంది. గురి రక్తంలో ఉండి ఉంటే ఏకలవ్యుడికి మట్టిబొమ్మ ఎందుకు? రోజూ సాధన ఎందుకు? గురి రక్తంలో ఉండి ఉంటే ద్రోణుడు బొటనవేలు అడిగి ఏం లాభం? రక్తంలో ఉన్నదాన్ని వేలు కోసి తీసుకోలేరు. నేర్చుకున్నదాన్ని, చేతికి అలవాటైనదాన్నే అలా తీసుకోగలరు. ఏకలవ్యుడిది పుట్టుకతో వచ్చిన విద్య కాదని ద్రోణుడికి అందరికంటే బాగా తెలుసు. అందుకే భయపడ్డాడు. నేర్చుకుంటే ఎవరికైనా వస్తుందని ఆ అడవి కుర్రాడు రుజువు చేశాడు. నష్టం జరిగింది ఆ రుజువు వల్లే.

కాబట్టి ఏకలవ్యుడి వారసులమని మనం చెప్పుకోవచ్చు. ఆ వారసత్వం రక్తానిది కాదు, పట్టుదలది. వద్దన్నా నేర్చుకున్నవాడి వారసత్వం అది. ఆనాడు బొటనవేలు అడిగారు. 1911 తర్వాత మన తాతల వేళ్లకు సిరా పూసి ముద్రలు అడిగారు. ఇప్పుడు మనల్ని ఎవరూ వేలు అడగడం లేదు. అయితే సాధనకు దక్కాల్సిన పేరును రక్తం ఖాతాలో రాస్తే అదీ ఒక రకంగా వేలు తీసుకోవడమే. ఇంకో సంగతి. ఇప్పుడు ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లు నారిని లాగేది చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు. ఆ పద్ధతిలో బొటనవేలు నారిని తాకనే తాకదు. ఈ సంగతి మన పిల్లలకు చెబితే వాళ్ల కళ్లు ఎలా వెలుగుతాయో చూడండి.

కొందరు మంచి మనసుతోనే ఇంకోలా వాదిస్తారు. "రక్తం అనకపోతే పోనీ. అడవిలో పెరిగినవాళ్లకు సహజంగా వచ్చే నేర్పు ఉంది కదా, ప్రభుత్వం దాన్ని వెతికి పట్టుకుంటే చాలు కదా" అంటారు. దీనికి రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా నుంచి వచ్చిన లింబారామ్ జీవితమే జవాబు చెబుతుంది. అతను అహరి తెగవాడు. వెదురు విల్లుతో పిట్టలను కొట్టినవాడు. 1987లో భారత క్రీడాప్రాధికార సంస్థవాళ్లు గిరిజన ప్రాంతాల్లో వెతుకుతూ అతన్ని ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. ఆ మరుసటి ఏడే సియోల్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మొత్తం మూడు ఒలింపిక్స్‌లో ఆడాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో 30 మీటర్ల దూరంలో 360కి 358 వేసి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. దేశం అతనికి అర్జున అవార్డు ఇచ్చింది, 2012లో పద్మశ్రీ ఇచ్చింది. ఏకలవ్యుడిలా అడవి నుంచి వచ్చినవాడికి అర్జునుడి పేరున అవార్డు దక్కిందని నవ్వుకోవచ్చు గానీ అసలు పాఠం అది కాదు. వెదురు విల్లు పట్టిన చెయ్యి అతన్ని ఎంపిక దాకా తీసుకొచ్చింది. అక్కడి నుంచి ప్రపంచ రికార్డు దాకా తీసుకెళ్లింది శిక్షణ, కొత్త విల్లు, రోజువారీ సాధన. దగ్గరి గురికి అడవి చాలింది. దూరపు గురికి బడి కావాల్సి వచ్చింది.

మన ఏజెన్సీ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ల అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడిచేసి తుపాకులు, మందుగుండు పట్టుకెళ్లారు. అదే సంవత్సరం సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు వాళ్ల దాడిలో చనిపోయారు. మన్యంవాళ్లకు పోరాటం రక్తంలోనే ఉందని కొందరు దీన్ని చూపిస్తారు. ఆ రోజు ఉపయోగపడింది ఏ మలుపు ఎక్కడ ఉందో, ఏ బండ వెనక ఎంతమంది దాక్కోవచ్చో తెలిసిన తెలివి. ముఠాదారు వ్యవస్థలో పడ్డ బాధ, పోడు మీద వచ్చిన ఆంక్షలు, రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టినవాళ్ల మీది కోపం దానికి తోడయ్యాయి. కొండను తెలుసుకోవడమూ చదువే. కోపానికీ కారణాలున్నాయి. అవన్నీ తీసేసి రక్తం అన్న ఒక్క మాట పెడితే ఆ మనుషుల తెలివినీ, వాళ్లకు జరిగిన అన్యాయాన్నీ ఒకేసారి చెరిపేసినట్టు అవుతుంది.

మనవాళ్ల నేర్పులన్నీ ఇలాంటివే. యానాది తాత గట్టు మీద నడుస్తూ ఏ కలుగులో ఎలుక ఉందో, ఏది వట్టి కలుగో చెబుతాడు. మట్టి తాజాగా ఉందా, కలుగు నోట సాలెపురుగు గూడు కట్టిందా, గింజలు ఎటు రాలి ఉన్నాయి అని చూసి చెబుతాడు. ఎరుకల అవ్వ వెదురు బద్దను కొలబద్ద లేకుండా ఒకే మందాన చీల్చి బుట్ట అల్లుతుంది. ఎన్ని పేళ్లు వేస్తే అడుగు ఎంత వెడల్పు వస్తుందో ఆమెకు లెక్క తెలుసు. సుగాలి పిన్ని అద్దాలు కుట్టేటప్పుడు దారాలు లెక్కపెట్టుకునే కుడుతుంది. ఇవన్నీ పెద్దవాళ్లు నేర్పితే పిల్లలు నేర్చుకున్నవి. నేర్పకపోతే ఒక్క తరంలో పోతాయి, పోతున్నాయి కూడా. రక్తంలో ఉంటే పోయేవి కావు కదా.

ఉపాధ్యాయ మిత్రులతో ఇక్కడ ఒక మాట. "మీ పిల్లలు ఆటల్లో చురుకు, లెక్కల్లో వెనక" అని బడుల్లో వింటుంటాం. పైన చెప్పిన లెక్కలను మరోసారి చూడండి. మిల్లీమీటరు తప్పు దూరాన్ని బట్టి ఎంత పెరుగుతుందన్నది సరూప త్రిభుజాల పాఠం. కాలం రెండింతలైతే తూటా నాలుగింతలు దిగుతుందన్నది వర్గాల పాఠం. పక్కగాలి భౌతికశాస్త్రం. దూరపు గురి అంటేనే లెక్కలు. గురిలో చురుకైన పిల్లకు లెక్కలు రావని ఎలా అంటాం? ఆ పిల్లకు లెక్కలు ఆమెకు తెలిసిన వస్తువుల మీద చెప్పలేదు, అంతే. తొమ్మిదో తరగతి త్రిభుజాల పాఠాన్ని ఉండేలుతో మొదలుపెట్టి చూడండి. నల్లబల్ల మీద రైఫిల్ రెండు సైట్లు గీసి, 25 మీటర్లకు 5 సెంటీమీటర్లు వస్తే 40 మీటర్లకు ఎంత అని అడగండి. వెనక బెంచీ నుంచి జవాబు వస్తుంది.

రైఫిల్ నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పే విషయం మరొకటుంది. మేము ఈ వ్యాసం రాయడానికి ముఖ్యంగా అదే కారణం. కొత్తవాడు అయిదు తూటాలు వేస్తే, వాటిలో ఒకటి నట్టనడుమ పడి మిగతా నాలుగూ చెల్లాచెదురైతే శిక్షకుడు మెచ్చుకోడు. అది అదృష్టం అంటాడు. అయిదూ మధ్యకు దూరంగా ఎడమ మూలనే పడినా, అగ్గిపెట్టెంత చోట పక్కపక్కనే పడితే "బాగుంది" అంటాడు. దీన్ని గ్రూపింగ్ అంటారు. అయిదూ ఒకేచోట పడ్డాయంటే కాల్చినవాడి చెయ్యి సరిగానే ఉంది. తప్పు సైటులో ఉంది. అప్పుడు మనిషిని తిట్టరు, సైటును సరిచేస్తారు. రెండు మరలు తిప్పితే అదే చెయ్యి, అదే ఊపిరి, తూటాలు నడుమకు వచ్చేస్తాయి.

మన పిల్లల చదువును ఇలాగే చూడమని మా మనవి. ఒక పిల్లవాడు బడి మానేస్తే వాడి ఇంటి సంగతి అనుకోవచ్చు. ఒకే గూడెం నుంచి, ఒకే తండా నుంచి, ఒకే కాలనీ నుంచి పిల్లలందరూ దాదాపు ఒకే తరగతి దగ్గర ఆగిపోతుంటే అది గ్రూపింగ్. అందరి తూటాలూ ఒకే మూల పడుతున్నాయంటే తప్పు చేతుల్లో లేదు. సైటులో ఉంది. వలస కాలంలో బడి ఎక్కడ, ఇంటి భాష ఏది, ధ్రువపత్రానికి ఎన్నిసార్లు తిరగాలి, హాస్టల్ ఎంత దూరం అన్నవి చూడాలి. తిప్పాల్సిన మరలు అక్కడున్నాయి. "వాళ్ల రక్తంలో చదువు లేదు" అనడం సైటు ముట్టుకోకుండా కాల్చినవాడిని కొట్టడం లాంటిది. ఈ మాట మనకు మనం చెప్పుకోవడానికి కూడా పనికొస్తుంది. సైటు తప్పని అనాలంటే ముందు మన తూటాలు ఒకేచోట పడాలి. రోజూ సాధన చేయనివాడికి సైటును తప్పుపట్టే హక్కు రాదు.

రక్తం మాట వల్ల మరో నష్టం కూడా ఉంది. అది డబ్బుకు సంబంధించినది. పోటీకి పనికొచ్చే రికర్వ్ విల్లుకూ, ఎయిర్ రైఫిల్‌కూ లక్షల్లో ఖర్చవుతుంది. తూటాలకు, బాణాలకు, ప్రయాణాలకు, శిక్షకుడికి వేరే ఖర్చు. కూలికి వెళ్లే ఇంట్లో అది ఎక్కడి నుంచి వస్తుంది? "మీకు సహజంగానే వస్తుంది" అన్న మాట ఈ ఖర్చు అడగకుండా మన నోరు మూయిస్తుంది. సహజంగా వచ్చేదానికి పరికరం ఎందుకు, గురువు ఎందుకు అని అవతలివాళ్లూ అనుకుంటారు. అందుకే మన యువకులు మెచ్చుకోలు విన్న వెంటనే మర్యాదగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "అలాగేనండీ, మరి మాకు మైదానం ఎక్కడ? విల్లు ఎవరిస్తారు? నేర్పేవాళ్లు వారానికి ఎన్ని రోజులొస్తారు?" 1997-98 నుంచి దేశంలో గిరిజన పిల్లలకు ఏకలవ్య పేరుతో ఆశ్రమ పాఠశాలలు నడుస్తున్నాయి. ఆ పేరు పెట్టినందుకు సంతోషమే. ఏకలవ్యుడికి దొరకనిది గురువు. ఆ పేరున్న బడిలో దొరకాల్సింది కూడా గురువే.

చివరగా దూరం గురించి ఒక్క మాట. ఫైరింగ్ రేంజిలో కొన్ని నియమాలున్నాయి. తుపాకి ఖాళీగా ఉన్నా మనిషి వైపు చూపకూడదు. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఎర్రజెండా ఎగురుతుంటే ఎవరూ ఆ దారిన పోకూడదు. దూరంగా కొట్టగలిగేవాడికి బాధ్యత ఎక్కువ. తాను కొట్టినది ఎవరికి తగిలిందో అతనికి దగ్గరగా కనిపించదు మరి. మాటలు కూడా దూరం పోయేవే. 1871లో చట్టం రాసినవాళ్లు స్టూవర్టుపురాన్ని చూడలేదు, అప్పటికి ఆ ఊరే లేదు. వాళ్లు వదిలిన మాట నలభై ఏళ్ల తర్వాత ఇక్కడికొచ్చి తగిలింది. ఎనభై ఏళ్లకు గానీ చట్టం పుస్తకంలోంచి పోలేదు. మూడో తరగతి పిల్లతో టీచరు అనే "నీకిది రాదులే" అన్న మాటా అంతే. అక్కడ అది మిల్లీమీటరు. పదో తరగతికి వచ్చేసరికి జానెడు. అదే తరగతిలో "ఇంకోసారి చెయ్యి, నిన్నటికంటే దగ్గరికొచ్చావు" అన్న మాట కూడా అంతే దూరం పోతుంది.

కాబట్టి మన పిల్ల గురి బాగా కొట్టినప్పుడు ఆమె తాతముత్తాతల పేరు ఎత్తే ముందు ఇవి అడుగుదాం. ఎన్నాళ్ల నుంచి సాధన చేస్తున్నావు? ఎవరు నేర్పారు? రాసుకునే పుస్తకం ఉందా? అందులో నిన్నటి గాలి ఎటు వీచిందని రాశావు? ఆమె చెప్పే జవాబు ఓపిగ్గా విందాం. తిట్టుకైనా మెచ్చుకోలుకైనా మనల్ని పుట్టుకను బట్టి కాకుండా పనిని బట్టి చూడమని అడిగే హక్కు మనకుంది. ఇతరులను అడిగే ముందు ఆ చూపు మన ఇళ్లలో, మన బడుల్లో మొదలవ్వాలి.